బిడ్డను చూడాలంటే.. ఖర్చు ఎవరిది?

ఓడినవారే కట్టాలన్న నియమం ఈ దావాల్లో అరుదు
అడిగినవారికే వ్యాజ్య వ్యయం.. అదీ ఆధారాలుంటేనే
మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం

ఒంగోలు: ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. దంపతులు విడిపోయారు. ఆరేళ్ల కూతురు తల్లితో కలిసి ఒంగోలులోని అమ్మమ్మ ఇంట పెరుగుతోంది. తండ్రి హైదరాబాద్‌లో చిరుద్యోగి. నెలకు రెండుసార్లు బిడ్డను చూసేందుకు అనుమతించాలంటూ ఆయన కోర్టును ఆశ్రయించారు. వాయిదా ఉన్న ప్రతిసారీ ముందురోజు రాత్రి బస్సెక్కాలి. ఒకరోజు జీతం పోతుంది. న్యాయవాది ఫీజు, గుమాస్తా ఖర్చు, నకళ్ల ఖర్చు అదనం. కుట్టుపనితో నెట్టుకొస్తున్న తల్లికీ ఇవే ఇక్కట్లు. కోర్టుకు వెళ్లిన రోజు ఆమెకు పని ఉండదు, కూలీ ఉండదు. ఏడాది తిరిగేసరికి ఇద్దరిలో ఒకరు ‘ఇక నా వల్ల కాదు’ అని చేతులెత్తేస్తారు. తండ్రి రావడం మానేస్తే గైర్హాజరు కారణంగా దావాను కొట్టివేస్తారు. అక్కడ నష్టపోయేది ఆయన ఒక్కరే కాదు. నాన్న ఎందుకు రావడం లేదో తెలియని ఆ బిడ్డ కూడా.

పిల్లల్ని కలుసుకునే హక్కుపై సాగే వ్యాజ్యాల్లో న్యాయం ఎవరి వైపుందన్న ప్రశ్న కంటే ఖర్చు ఎవరు తట్టుకోగలరన్న ప్రశ్నే తరచూ ఫలితాన్ని తేలుస్తోంది. నిజానికి డబ్బు లేనివారు మధ్యలో ఆగిపోకుండా చట్టంలో కొన్ని దారులున్నాయి. అవి తమంతట తాము తెరుచుకోవు. అడగాలి. సకాలంలో అడగాలి.

దూరం భారం ఎవరిపై..?

సంరక్షకులు-మైనర్ల చట్టం-1890లోని 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ సాధారణంగా ఎక్కడ నివసిస్తుంటే ఆ ప్రాంతంపై అధికార పరిధి ఉన్న న్యాయస్థానంలోనే పిటిషన్ వేయాలి. కుటుంబ న్యాయస్థానం ఉన్నచోట అక్కడ, లేనిచోట జిల్లా న్యాయస్థానంలో విచారణ జరుగుతుంది. పసివాళ్లను ఊళ్లు తిప్పకూడదన్నది దీని ఉద్దేశం. అయితే ఫలితంగా ప్రయాణ భారం బిడ్డకు దూరంగా ఉన్న తల్లిపైనో, తండ్రిపైనో పడుతుంది.

విడాకుల దావా ఒక ఊళ్లో, బిడ్డ కోసం పిటిషన్ మరో ఊళ్లో నడిస్తే ఈ భారం ఇద్దరికీ రెట్టింపవుతుంది. రెండింటినీ ఒకేచోటికి మార్చమని కోరవచ్చు. ఒకే రాష్ట్రంలోని కోర్టుల మధ్య బదిలీకి సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద హైకోర్టును ఆశ్రయించాలి. రాష్ట్రాలు వేరైతే 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకు వెళ్లాలి. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు హైకోర్టులు ఏర్పడటంతో హైదరాబాద్ కోర్టులోని దావాను ఒంగోలుకు మార్చాలన్నా ఢిల్లీ గడప తొక్కాల్సిందే. అంత దూరం వెళ్లలేనివారు వాయిదాకు రాకపోకల ఖర్చులు ఇప్పించమని గానీ, వీడియో ద్వారా హాజరయ్యేందుకు అనుమతించమని గానీ విచారణ జరుగుతున్న కోర్టునే కోరవచ్చు.

ఓడినవారు కట్టాలా?

ఆస్తి తగాదాల్లో ‘ఖర్చులతో సహా డిక్రీ’ అన్న మాట అందరూ విన్నదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం గెలిచినవారి ఖర్చును ఓడినవారు భరించడం సాధారణ సూత్రం. అలా వద్దనుకుంటే న్యాయమూర్తి కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. పిల్లల విషయానికొస్తే 1890 చట్టంలోని 49వ సెక్షన్ ఖర్చుల నిర్ణయాన్ని పూర్తిగా న్యాయస్థానం విచక్షణకు వదిలిపెట్టింది.

ఆచరణలో ఈ వ్యాజ్యాల్లో ఎక్కువగా కనిపించేది ‘ఎవరి ఖర్చులు వారే భరించుకోవాలి’ అన్న ఆదేశమే. ఇందుకు కారణాలు లేకపోలేదు. పిల్లల వ్యాజ్యంలో ఒకరు గెలవడం, మరొకరు ఓడటం ఉండదు. బిడ్డ సంక్షేమమే ప్రధానమని హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం-1956లోని 13వ సెక్షన్ చెబుతోంది. తండ్రికి నెలకు రెండు రోజులు బిడ్డతో గడిపే అవకాశం ఇచ్చినంత మాత్రాన తల్లి ఓడినట్లు కాదు. పైగా తల్లి నుంచి వసూలు చేసే ప్రతి రూపాయీ ఆ బిడ్డ బడి ఫీజు నుంచో, పాల డబ్బుల నుంచో రావాల్సిందే.

ఒకవేళ కోర్టు ఖర్చులు ఇప్పించినా న్యాయవాదికి ఇచ్చినదంతా తిరిగి వస్తుందనుకోవడం పొరపాటు. ఖర్చుల పట్టీలో నియమావళి అనుమతించిన మేరకే లెక్కగడతారు. ఎదుటివారి నుంచి అంతా రాబట్టవచ్చన్న ధీమాతో అప్పు చేసి దావా వేసేవారు ఈ సంగతి ముందే గ్రహించాలి. మరో విషయం.. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకునే ఒప్పందాలను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు అనుమతించవు. ‘గెలిస్తేనే ఇవ్వండి’ అన్న మాటను నమ్మరాదు.

ముందే ఇప్పించే సెక్షన్

దావా ముగిశాక వచ్చే ఖర్చుల కంటే దావా నడుస్తుండగా అందే సొమ్మే సామాన్యుడికి అక్కరకొస్తుంది. హిందూ వివాహ చట్టం-1955లోని 24వ సెక్షన్ ఇందుకు ఉద్దేశించింది. తగిన స్వతంత్ర ఆదాయం లేని భార్య గానీ, భర్త గానీ మధ్యంతర భరణంతో పాటు వ్యాజ్య వ్యయాన్ని ఎదుటిపక్షం నుంచి ఇప్పించమని కోరవచ్చు. ఇది ఆడవారికే పరిమితం కాదు. ఇద్దరి ఆదాయాలను బేరీజు వేసి కోర్టు మొత్తాన్ని నిర్ణయిస్తుంది. ఎదుటివారికి నోటీసు అందిన నాటి నుంచి వీలైనంత వరకు 60 రోజుల్లో ఈ దరఖాస్తును తేల్చాలని 2001లో చట్టాన్ని సవరించారు.

ఇక్కడే చాలామంది తడబడుతున్నారు. 24వ సెక్షన్ ‘ఈ చట్టం కింద నడిచే వ్యాజ్యాలకు’ మాత్రమే వర్తిస్తుంది. విడాకులు, కాపురానికి రప్పించడం, న్యాయపరంగా వేరుపడటం వంటి దావాలు ఉన్నప్పుడు అదే చట్టంలోని 26వ సెక్షన్ కింద బిడ్డను చూసేందుకు, బిడ్డ చదువు, పోషణలకు ఆదేశాలు కోరవచ్చు. అప్పుడు వ్యాజ్య వ్యయానికి 24వ సెక్షన్ అండగా ఉంటుంది. అలాకాక 1890 చట్టం కింద విడిగా పిటిషన్ వేస్తే ఈ సెక్షన్ నేరుగా అక్కరకు రాదు. ఏ చట్టం కింద వెళ్తున్నామన్నది కాగితంపై చిన్న తేడాయే. జేబుపై మాత్రం పెద్ద తేడా. పిటిషన్ తయారీకి ముందే న్యాయవాదిని ఈ ప్రశ్న అడగడం మంచిది.

ప్రత్యేక వివాహ చట్టం-1954, క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం-1869.. రెండింటిలోనూ 36వ సెక్షన్ కింద భార్య వ్యాజ్య వ్యయం కోరే వీలుంది. ఏ మతం వారికైనా వర్తించే భరణం నిబంధన మరొకటి ఉంది. గతంలో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌గా ఉన్న ఇది 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా అమల్లో ఉంది. దీని కింద మధ్యంతర భరణంతో పాటు ఆ కేసుకయ్యే ఖర్చులూ కోరవచ్చు. అయితే అవి భరణం కేసు ఖర్చులే తప్ప బిడ్డను చూసేందుకు వేసిన పిటిషన్ ఖర్చులు కావు.

భరణం అడిగేవారు, ఇవ్వాల్సినవారు ఉభయులూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలని 2020లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘నాకేమీ లేదు’ అన్న నోటిమాట ఇక చెల్లదు. జీతం చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు, అద్దె రసీదులు సిద్ధంగా ఉంచుకున్నవారి దరఖాస్తు త్వరగా కదులుతుంది.

పైసా లేకున్నా న్యాయవాది

న్యాయ సేవాధికార సంస్థల చట్టం-1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు తదితరులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మిగిలినవారికి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన వార్షికాదాయ పరిమితి వర్తిస్తుంది. అంటే పై ఉదాహరణలోని తల్లి తన సంపాదన ఎంతని చెప్పనవసరం లేకుండానే న్యాయవాదిని పొందవచ్చు. తండ్రి మాత్రం ఆదాయ పరిమితికి లోబడి ఉండాలి, లేదా పై వర్గాల్లో ఏదో ఒకదానికి చెంది ఉండాలి.

ఉచిత సహాయమంటే న్యాయవాదిని కేటాయించడమొక్కటే అనుకుంటారు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, కాగితాల తయారీ, తీర్పు నకళ్ల ఖర్చు కూడా ఇందులో భాగమే. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితంపై దరఖాస్తు ఇస్తే చాలు. మండల స్థాయిలోనూ కమిటీలున్నాయి. 15100 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. హైకోర్టులో, సుప్రీంకోర్టులో కూడా న్యాయ సేవల కమిటీలు పనిచేస్తున్నాయి. బదిలీ పిటిషన్ కోసం ఢిల్లీ వెళ్లాల్సినవారు వీటి సాయం కోరవచ్చు.

కుటుంబ న్యాయస్థానాల చట్టం-1984లోని 13వ సెక్షన్ ప్రకారం ఈ కోర్టుల్లో న్యాయవాదిని పెట్టుకోవడం హక్కు కాదు. కోర్టు అనుమతితోనే న్యాయవాదులు హాజరవుతారు. ఎవరైనా తమ గోడును తామే న్యాయమూర్తికి విన్నవించుకోవచ్చు. చట్టపరమైన చిక్కులు ఎదురైతే న్యాయస్థానమే ఒక న్యాయవాది సహకారం తీసుకుంటుంది.

వాయిదాల ఆటకు జరిమానా

ఎదుటివారిని ఖర్చులతో అలసిపోయేలా చేయడానికే వాయిదాలు కోరేవారున్నారు. ఇలాంటివారి నుంచి ఖర్చులు రాబట్టే వీలుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు ప్రకారం విచారణ దశలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వరాదు. ఇచ్చే ప్రతి వాయిదాకూ ఖర్చులు విధించాలి. 35-బి సెక్షన్ కింద జాప్యానికి కారకులైనవారు ఎదుటివారి రాకపోకల ఖర్చు చెల్లించాలని కోర్టు ఆదేశించవచ్చు. ఆ సొమ్ము కట్టనిదే తమ వాదనను ముందుకు తీసుకెళ్లే అవకాశం వారికి ఉండదు. దూరం నుంచి వచ్చినవారు బస్సు, రైలు టికెట్లు దాచుకోవాలని న్యాయవాదులు చెప్పేది అందుకే.

తప్పుడు ఆరోపణలతో వేధించే దావాలకు 35-ఎ సెక్షన్ కింద పరిహార ఖర్చులు విధించవచ్చు. కానీ గరిష్ఠ పరిమితి రూ.3 వేలు మాత్రమే. 1976 సవరణ నాటి ఈ మొత్తం నేటి కాలానికి ఏ మూలకూ చాలదు. 2012లో లా కమిషన్ తన 240వ నివేదికలో వ్యాజ్య ఖర్చుల విధానాన్ని ప్రత్యేకంగా పరిశీలించి మార్పులు సూచించింది.

బిడ్డను కలిసేందుకు వెళ్లే ఖర్చు

కోర్టు ఖర్చులు ఒకనాటితో తీరేవి. బిడ్డను కలిసే ఖర్చు ఏళ్ల తరబడి సాగేది. నెలకు రెండుసార్లు వచ్చిపోయే చార్జీలు, ఊళ్లో బస, బిడ్డను బయటికి తీసుకెళ్తే భోజనం, బిడ్డను తీసుకొచ్చే వ్యక్తి ప్రయాణం.. ఇవన్నీ ఎవరివి? దీనికి చట్టంలో నిర్దిష్టమైన సూత్రం లేదు. ఉత్తర్వులో ఏముంటే అదే చెల్లుతుంది. ఉత్తర్వు మౌనంగా ఉంటే చూసేందుకు వచ్చేవారిపైనే భారం పడుతుంది. ప్రతిసారీ వాగ్వాదానికీ అదే కారణమవుతుంది.

అందుకే పిటిషన్‌లోనే వివరంగా కోరాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నవి ఎంత ముఖ్యమో, బిడ్డను ఎవరు తీసుకురావాలి, చార్జీలు ఎవరివి, ఒకరు రాలేకపోతే బదులు రోజు ఏది అన్నవీ అంతే ముఖ్యం. తక్కువ ఆదాయం ఉన్నవారు మధ్యలోని ఊరును ఎంచుకోవడం, నెలకు రెండు రోజుల బదులు వరుసగా రెండు రోజులు ఒకేసారి కేటాయించమని కోరడం, సెలవుల్లో ఎక్కువ రోజులు అడగడం ద్వారా ఖర్చు తగ్గించుకోవచ్చు.

దూరప్రాంతాల్లో, విదేశాల్లో ఉన్నవారికి వీడియో కాల్ మరో మార్గం. తల్లిదండ్రులిద్దరి ప్రేమనూ పొందడం బిడ్డ హక్కని, వేర్వేరు రాష్ట్రాల్లో, దేశాల్లో ఉంటున్నవారికి ఫోన్, వీడియో ద్వారా మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉపాధి పొందుతున్న తెలుగువారికి ఈ తీర్పు ఎంతో ఉపకరిస్తుంది.

చూపించకపోతే..

ఉత్తర్వు చేతిలో ఉన్నా తలుపు తెరవని ఇళ్లున్నాయి. రాత్రంతా ప్రయాణించి వచ్చి, గేటు దగ్గరే నిలబడి వెనుదిరిగినవారి బాధ వర్ణనాతీతం. ఇలాంటప్పుడు గొడవకు దిగకుండా ఆ రోజు వచ్చినట్లు ఆధారం ఉంచుకుని కోర్టు దృష్టికి తీసుకెళ్లాలి. ఉత్తర్వు అమలుకు, పోయిన రోజుకు బదులు రోజు ఇప్పించేందుకు, వృథా అయిన చార్జీల కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. కావాలని ధిక్కరిస్తే కోర్టు ధిక్కార చట్టం-1971 కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, రూ.2 వేల వరకు జరిమానా పడే అవకాశం ఉంది. మైనరును హాజరుపరచమన్న ఆదేశాన్ని పాటించనివారికి 1890 చట్టం విధించిన జరిమానా మాత్రం ఇప్పటికీ వంద రూపాయలే. మొండికేస్తే సివిల్ జైలుకు పంపే అధికారం కూడా అదే సెక్షన్‌లో ఉంది.

ఒక్క విషయం మరువరాదు. భరణం వేరు, బిడ్డను చూసే హక్కు వేరు. డబ్బు ఇవ్వలేదని బిడ్డను దాచడం గానీ, బిడ్డను చూపలేదని డబ్బు ఆపడం గానీ సరికాదు. రెండింటికీ వేర్వేరుగా కోర్టును ఆశ్రయించాలి.

రాజీ మార్గమే చౌక

కుటుంబ న్యాయస్థానం తొలుత రాజీకి ప్రయత్నించాలని 1984 చట్టంలోని 9వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కోర్టుకు అనుబంధంగా ఉండే కౌన్సెలర్ల సేవలకు కక్షిదారులు ఫీజు చెల్లించనక్కర్లేదు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లే వీలూ ఉంది. పెండింగ్ దావా లోక్ అదాలత్‌లో పరిష్కారమైతే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

అయితే ఉభయుల సమ్మతితో వెలువడిన డిక్రీపై అప్పీలు ఉండదు. లోక్ అదాలత్ అవార్డుకూ అంతే. సంతకం చేసే ముందు ప్రతి షరతునూ చదివించుకుని అర్థం చేసుకోవాలి. ఖర్చుల ప్రస్తావన లేకుంటే చేర్పించాలి. బిడ్డ పెరిగేకొద్దీ అవసరాలు మారుతాయి గనుక పిల్లల విషయంలో ఇచ్చే ఉత్తర్వులను పరిస్థితులను బట్టి మార్చుకోవచ్చని 1973లోనే రోజీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బడి మారినా, ఊరు మారినా, ఆదాయం తగ్గినా మార్పు కోరవచ్చు.

దావా వేసే ముందు..

* ఏ చట్టం కింద పిటిషన్ వేస్తున్నారో, వ్యాజ్య వ్యయం కోరే వీలుందో లేదో న్యాయవాదిని అడగండి.
* ఖర్చుల కోసం దరఖాస్తును తొలి వాయిదాల్లోనే వేయండి. చివర్లో అడిగితే ప్రయోజనం తక్కువ.
* మహిళలైతే ముందుగా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. పురుషులు ఆదాయ ధ్రువపత్రం తీసుకెళ్లండి.
* న్యాయవాది ఫీజు ఎంతో, ఏ దశలో ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి.
* ప్రయాణ టికెట్లు, బస రసీదులు తేదీల వారీగా భద్రపరచండి.
* బిడ్డను కలిసే ఖర్చు ఎవరిదో ఉత్తర్వులో రాయించండి.
* కుటుంబ న్యాయస్థానం తుది తీర్పుపై అప్పీలుకు గడువు 30 రోజులే. నకలు కోసం వెంటనే దరఖాస్తు చేయండి.

ఒంగోలు బస్టాండులో తెల్లవారుజామున దిగే ఆ తండ్రికి గానీ, పని మానుకుని కోర్టు వరండాలో కూర్చునే ఆ తల్లికి గానీ చట్టం అన్నీ తానై ఖర్చు పెట్టదు. కానీ డబ్బు లేదన్న ఒక్క కారణంతో దావా వదులుకోవాల్సిన పని లేదు. తదుపరి వాయిదాకు ముందు ఒక్కసారి న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కితే దారి దొరకవచ్చు. వాయిదాలు గడిచిపోతాయి. బిడ్డ బాల్యమూ వాటితోపాటే గడిచిపోతుంది.